పుట్నాలు ఊపిరి లెక్క

గినీ పిగ్‌కి జలుబు చేసిందని ఎవరైనా చెబితే నవ్వకండి ప్లీజ్. మనకి ముక్కు దిబ్బడేస్తే నోటితో గాలి పీల్చుకుంటాం. రాత్రికి విక్స్ రాసుకుని, మిరియాల చారు తాగి, పొద్దున్నే లాప్‌టాప్ ముందు కూర్చుంటాం. గినీ పిగ్‌కి ఆ సౌకర్యం లేదు. దాని శరీరం ముక్కుతోనే ఊపిరి తీసుకునేలా తయారైంది. అది నోరు తెరిచి గాలి కోసం ఎగబీలుస్తోందంటే ఇంక వేరే దారి లేదని అర్థం. ముక్కు కారుతోంది, మేత మానేసింది, ఊపిరిలో చప్పుడొస్తోంది అంటే చాలాసార్లు అది జలుబు కాదు, ఊపిరితిత్తుల దాకా వెళ్లిన ఇన్‌ఫెక్షన్.

ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిస్తే భయం తగ్గుతుందంటారు గానీ, నా విషయంలో మాత్రం రెట్టింపయింది.

నా దగ్గర రెండు ఉన్నాయి. పుట్నాలు, బెల్లం. లేత గోధుమ రంగుది పుట్నాలు, ముదురు రంగుది బెల్లం. రెండూ ఆడవే. అమెరికా వెళ్లిపోతున్న ఫ్రెండ్ దగ్గర్నుంచి వచ్చాయి. ఫోన్లో నాన్నకి మొదటిసారి చెప్పినప్పుడు, "పందా? సీమపందిని ఫ్లాట్లో ఎట్లా పెంచుతున్నవ్ బిడ్డా?" అన్నాడు. ఆయన అనుకున్నది క్వింటాలు బరువుండే తెల్ల పందిని. ఫొటో పంపిస్తే, "ఓస్, ఎలకా!" అని ఫోన్ అమ్మకిచ్చేశాడు. నిజానికి ఇది పందీ కాదు, గినీ దేశానిదీ కాదు. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద వేల ఏళ్ల కిందటే మనుషులు మచ్చిక చేసుకున్న జంతువు. ఫ్రెంచి వాళ్లయితే దీన్ని ఏకంగా 'ఇండియా పంది' అంటారు. మనకి ఏ పాపం తెలీదు.

వీటిని పెంచేవాళ్లందరి ఇళ్లలో ఓ కిచెన్ స్కేల్ ఉంటుంది. కేక్ చేయడానికి కాదు. గినీ పిగ్‌లు అడవిలో వేటాడబడే జాతి. ఒంట్లో బాగాలేదని పైకి తెలిస్తే గద్దో నక్కో ముందు దాన్నే ఎత్తుకెళ్తుంది. అందుకని చివరి దాకా ఏమీ లేనట్టే నటిస్తాయి. వాటి నటనకి లొంగనిది ఒక్కటే, బరువు. ప్రతి ఆదివారం పొద్దున స్టీల్ గిన్నెలో కూర్చోబెట్టి తూకం వేసి షీట్‌లో రాసుకుంటాను. పుట్నాలు మామూలుగా 868 గ్రాములు. సంక్రాంతి ముందు వారం 850. ఆ తర్వాతి ఆదివారం 821.

850కి పెద్దగా కంగారు పడక్కర్లేదు. 821 అంటే వేరే లెక్క. ఆ పొద్దున కొత్తిమీర కవర్ చప్పుడు చేస్తే బెల్లం ఎప్పట్లాగే 'వీక్ వీక్' అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. పుట్నాలు మూలన కూర్చునే ఉంది. ఒంటి మీద బొచ్చు కాస్త నిక్కబొడుచుకుని, కళ్లు సగం మూసుకుని. దగ్గరకి తీసుకుని వీపు మీద చెవి పెట్టాను. కాగిన నూనెలో నీటి చుక్కలు పడితే వచ్చే చిటపట ఎక్కడో దూరంగా వినిపించింది.

గినీ పిగ్ నెమ్మదిగా కూర్చుని ఉన్నప్పుడు నిమిషానికి 40 నుంచి 100 సార్ల దాకా ఊపిరి తీసుకుంటుంది. డొక్క కదలిక చూస్తూ 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. మూడుసార్లు చూశాను. 120, 128, 124. అంకె ఒక్కటే కాదు, డొక్క ఎగిరే తీరు కూడా బాలేదు. ప్రతి ఊపిరికీ పొట్ట మొత్తం కష్టపడుతోంది.

సోమవారం పొద్దున దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి తీసుకెళ్లాను. ముందు రెండు లాబ్రడార్లు, ఒక పర్షియన్ పిల్లి. డాక్టర్ గారు మర్యాదస్తులే. పుట్నాలుని చేతిలోకి తీసుకుని, "చల్లగాలి తగిలింది, అంతే" అని చీటీ రాశారు. మొదటి మందు అమాక్సిసిలిన్ సిరప్.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఈ పేరు మన ఇళ్లలో అందరికీ తెలుసు. పిల్లలకి గొంతు నొప్పొస్తే వాడే మందే. కుక్కకి ఇస్తారు, పిల్లికి ఇస్తారు. గినీ పిగ్‌కి నోటి ద్వారా ఇస్తే మాత్రం ప్రాణం పోవచ్చు. దాని పేగుల్లో గడ్డిని అరిగించే మంచి బ్యాక్టీరియా ఓ పెద్ద ఊరంత ఉంటుంది. పెన్సిలిన్ కుటుంబం మందులు ఆ ఊరిని ఖాళీ చేసేస్తాయి. ఖాళీ అయిన చోట క్లాస్ట్రీడియం జాతి సూక్ష్మజీవులు పెరిగి విషం పుట్టిస్తాయి. ఊపిరితిత్తుల కోసం ఇచ్చిన మందుతో జంతువు పొట్ట పాడై పోతుందన్నమాట.

"సార్, గినీ పిగ్‌లకి పెన్సిలిన్ రకాలు పడవంటారు కదా?" అని అడిగాను.

"చిన్న డోసే అమ్మా. గూగుల్ చూసి వస్తే మేమెందుకు?" అన్నారు నవ్వుతూ.

ఆయన మీద నాకు కోపం లేదు. మన దగ్గర పశువైద్యం చదువంతా గేదెలు, ఆవులు, గొర్రెలు, కోళ్ల చుట్టూ పెరిగింది. అది మన ఊళ్ల అవసరం. సిటీలోకి వచ్చాక కుక్కలు, పిల్లులు తోడయ్యాయి. రోజుకి యాభై కుక్కల్ని చూసే మనిషికి ఆరు నెలలకో గినీ పిగ్ వస్తే ఇలాగే ఉంటుంది. కానీ గౌరవం వేరు, సిరప్ పట్టించడం వేరు. ఫీజు కట్టి, చీటీ మడిచి బ్యాగ్‌లో పెట్టుకుని బయటికొచ్చేశాను. డాక్టర్ మాట కాదని మెట్లు దిగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మా ఇంట్లో డాక్టర్ రాసింది దేవుడు రాసినంత. ఒకవేళ నేను చదివిందే తప్పయితే? ఆ మందు ఇస్తే బతికేదేమో? ఈ ప్రశ్న ఆ రోజంతా నా పక్కనే క్యాబ్‌లో కూర్చుంది.

తొమ్మిది చోట్లకి ఫోన్ చేశాను. అన్నిచోట్లా ఒకటే ప్రశ్న అడిగాను. "గినీ పిగ్‌కి న్యుమోనియా అయితే మీరు ఏ యాంటీబయాటిక్ ఇస్తారు?" డాక్టర్లకి పరీక్ష పెట్టడం బాగోదు నిజమే. కానీ తొమ్మిదో చోట ఫోన్ ఎత్తిన ఆవిడ, "ముందు ఎక్స్‌రే చూడాలి. అమాక్సిసిలిన్ మాత్రం ఎవరు చెప్పినా ఇవ్వకండి. మేత తింటోందా?" అన్నారు ఒకే ఊపిరిలో. మా ఇంటికి 24 కిలోమీటర్లు. వెంటనే బయల్దేరాం. బెల్లంని కూడా అదే బుట్టలో పెట్టాను. ఒంటరిగా ఉంటే ఇవి బెంగ పెట్టుకుంటాయి. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచకూడదని నిబంధనే ఉంది. బెల్లం మాత్రం ఆ తోడు బాధ్యతంతా దారి పొడవునా క్యారెట్ నమలడంలోనే చూపించింది.

ఆ డాక్టర్ పుట్నాలుని వెంటనే ముట్టుకోలేదు. ముందు ఓ గాజు పెట్టెలో పెట్టి ఆక్సిజన్ వదిలారు, అరగంట. ఊపిరి ఆడని గినీ పిగ్‌ని అటూ ఇటూ తిప్పితే ఆ భయానికే గుండె ఆగిపోవచ్చట. కాస్త తేరుకున్నాక ఎక్స్‌రే తీశారు. నల్లగా కనిపించాల్సిన ఊపిరితిత్తుల్లో ఎడమ వైపు కింద తెల్లటి మబ్బులా ఉంది. న్యుమోనియా.

ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే, తేల్చి చెప్పలేం అన్నారు. బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా ఉంది. కుక్కలు, కుందేళ్లు దాన్ని ముక్కులో పెట్టుకుని ఏ జబ్బూ లేకుండా తిరుగుతుంటాయి. గినీ పిగ్‌కి తగిలితే మాత్రం ఊపిరితిత్తుల్ని పట్టేస్తుంది. అందుకే కుందేలుని, గినీ పిగ్‌ని ఒకే బోనులో పెంచొద్దంటారు. చలికాలం, దుమ్ము, ఉచ్చ తడిసిన పరుపు నుంచి వచ్చే అమోనియా ఘాటు, ఇవన్నీ జబ్బుకి దారి వేస్తాయి. మా పరుపు సంగతి అడిగారు. రంపపు పొట్టు కాదు, ఫ్లీస్ గుడ్డ, రోజు మార్చి రోజు ఉతుకుతానని చెబితే తలూపారు.

మందు ఎన్రోఫ్లాక్సాసిన్, రోజుకి రెండుసార్లు. మోతాదు ఇక్కడ రాయను, అది బరువు చూసి డాక్టరే లెక్కకట్టాలి. విటమిన్ సి చుక్కలు వేరే. మనుషుల్లాగే గినీ పిగ్ కూడా ఒంట్లో విటమిన్ సి తయారు చేసుకోలేదు. 1907లో నార్వేలో ఇద్దరు శాస్త్రవేత్తలు స్కర్వీ జబ్బు తిండి లోపం వల్లే వస్తుందని తేల్చింది గినీ పిగ్‌ల మీదే. దాన్ని నీళ్ల సీసాలో కలపడం దండగ, గంటల్లోనే పాడైపోతుంది. నేరుగా నోట్లో వేయాల్సిందే. ఇవి కాక సెలైన్‌తో నెబులైజర్ రోజుకి మూడుసార్లు, నాలుగు గంటలకోసారి సిరంజితో మేత.

మెడికల్ షాప్‌లో నెబులైజర్ అడిగాను.

"పెద్దవాళ్లకా, పిల్లలకా మేడం?"

"పిల్లలకే. మాస్క్ ఉన్నవాటిలో చిన్నది ఇవ్వండి."

"పాప వయసెంత?"

"రెండేళ్లు."

"బరువెంత ఉంటుంది?"

"ఎనిమిది వందల గ్రాములు."

ఆ అబ్బాయి చేతిలో డబ్బా అలాగే ఉండిపోయింది. "పాప అంటే..." అని ఆగాడు. బుట్ట మూత తీసి చూపించాను. ఓనర్ లోపల్నుంచి లేచి వచ్చి చూశాడు. చివరికి వంద రూపాయలు తగ్గించి 1,500కి ఇచ్చారు.

మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, పక్కన కన్నం చేసి మాస్క్ గొట్టం పెట్టాలి. పైన గాలి పోవడానికి ఇంకొన్ని కన్నాలు. లోపల గుడ్డ పరిచి పుట్నాలుని కూర్చోబెట్టి మెషీన్ ఆన్ చేస్తే పది నిమిషాలు పొగమంచు. మెషీన్ చప్పుడుకి భయపడుతుందని దాన్ని పక్క గదిలో పెట్టి పొడుగు ట్యూబు లాగాను. పొగమంచులో కూర్చున్న పుట్నాలు, నవంబరు తెల్లవారుజామున లంబసింగి వెళ్లిన టూరిస్టులా మొహం పెట్టింది.

నెబులైజర్ తేలిక. మేత కష్టం.

గినీ పిగ్ పేగు ఆగకూడదు. పగలూ రాత్రీ గడ్డి నములుతూనే ఉండాలి. ఒక రోజు ఆగితే పొట్టలో గ్యాస్ నిండి, పేగు కదలిక పడిపోయి, కాలేయం దెబ్బతింటుంది. ఊపిరి ఆడనప్పుడు ఎవరికి మాత్రం తినబుద్ధవుతుంది? నమిలితే ఊపిరి అందదు, నమలకపోతే పేగు ఆగుతుంది. అందుకని పెల్లెట్లు నానబెట్టి మెత్తగా చేసి, సూది తీసేసిన 1 ఎంఎల్ సిరంజితో పట్టాలి. ఒక్కోసారికి 10 ఎంఎల్, అంటే పది సిరంజిలు. ఒక్కో సిరంజికీ రెండు మూడు నిమిషాలు. తొందరపడి పోస్తే అది గొంతులోంచి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అప్పటికే మబ్బు పట్టిన ఊపిరితిత్తులు అవి.

మంగళవారం రాత్రికి ఖమ్మం బస్సు టికెట్ ఉంది. పండగకి. క్యాన్సిల్ చేశానని అమ్మకి చెప్పాను.

"ఏందే, ఎలకకి ఒంట్లో బాలేదని పండక్కి రావా?" అంది అమ్మ. కోపంగా కాదు, నిజంగా అర్థంకాక. అరిసెలకి బియ్యం నానబోసేసింది అప్పటికే. రూమ్మేట్ కూడా ఊరెళ్లిపోయింది. ఆఫీసులో మూడు రోజులు సెలవు పెట్టాను. మేనేజర్ "డాగా?" అని అడిగాడు. "కాదు" అని ఊరుకున్నాను.

ఆ రాత్రి పదకొండింటికి నాన్న వీడియో కాల్ చేశాడు. అమ్మ చెప్పినట్టుంది. ఫోన్‌ని నీళ్ల సీసాకి ఆనించి, సిరంజి పడుతూనే మాట్లాడుతున్నాను. నాన్న కాసేపు ఏమీ అనకుండా చూశాడు. తర్వాత ఒక్కసారిగా, "తల పైకెత్తకు!" అన్నాడు.

నేనాగాను.

"గేదెకి గొట్టంతో మందు పోసేటప్పుడు తల ఆకాశానికి ఎత్తి పోస్తరు కొందరు. నాలుక గుంజి పట్టుకుంటరు. తప్పది. మింగనీకి నాలుక ఆడాలె. మా చిన్నప్పుడు మా పెద్దనాయన వాళ్ల గేదెకి ఉబ్బరం వస్తే నూనె పోసిన్రు. తల బాగా ఎత్తిన్రు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోయింది. మూడు రోజులు రొప్పి రొప్పి చచ్చిపోయింది. పక్క నుంచి పొయ్యి. దవడ పక్క నుంచి. అది మింగినంక చూసి మళ్ల పొయ్యి."

డాక్టర్ చెప్పిందీ అదే. ముందు పళ్ల వెనక, బుగ్గ పక్కన ఖాళీ ఉంటుంది, అక్కణ్ణుంచి కొద్దికొద్దిగా, తల సమంగా ఉంచి పట్టాలని. ఆవిడ బొమ్మ గీసి చూపించారు. నాన్న అరచేతిని గేదె దవడలా వంచి చూపించాడు. వెదురు గొట్టం నుంచి సిరంజి దాకా వైద్యంలో ఇది పెద్దగా మారలేదన్నమాట. మా ఇంటి ఆఖరి గేదెని నాన్న 2016లో అమ్మేశాడు, నేను ఇంజినీరింగ్‌లో చేరిన ఏడాది. ఆ తర్వాత ఆయన గేదెల గురించి అంతసేపు మాట్లాడటం నేను వినలేదు.

ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ పదకొండింటికి కాల్. మాటలుండవు. నేను పడతాను, ఆయన చూస్తాడు. "మింగింది, ఇప్పుడు పొయ్యి."

భోగి రోజు రాత్రి బాగా కష్టమైంది. సాయంత్రానికి బరువు 774. ఊపిరి 144. ముక్కు చివర తడిగా ఉంది. మూడో సిరంజి దగ్గర తల పక్కకి తిప్పేసింది. డాక్టర్‌కి ఫోన్ చేస్తే ఆవిడ నెమ్మదిగా మాట్లాడారు. "యాంటీబయాటిక్ పనిచేయడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఈ రాత్రి దాటితే చూద్దాం. నోరు తెరిచి ఊపిరి తీస్తే మాత్రం వెంటనే తీసుకురండి. అప్పుడు ఇంకా లాగాలా, బాధ లేకుండా పంపించేయాలా అనేది కూడా మాట్లాడుకోవాలి." అంత సూటిగా చెప్పినందుకు ఆవిడకి నేనెప్పటికీ రుణపడి ఉంటాను. నోరు తెరిచిందంటే తలుపు తీయాలి, అంతే. చెప్పుల పక్కనే బుట్ట పెట్టుకుని, క్యాబ్ యాప్‌లో క్లినిక్ అడ్రస్ సేవ్ చేసుకుని కూర్చున్నాను.

బియ్యం మూట వెచ్చబెట్టి ఒక పక్కన పెట్టాను, వేడనిపిస్తే అది పక్కకి జరిగేలా. మధ్యలో జాలీ పెట్టి అవతల బెల్లం. "రెండూ ఒకే గాలి పీల్చాయి, ఇప్పుడు వేరే గదిలో పెట్టి లాభం లేదు. కనబడేలా ఉంచండి" అన్నారు డాక్టర్. గంటకోసారి ఊపిరి లెక్క. మేం ఆఫీసులో సర్వర్ల మీద ఇలాగే కన్నేసి ఉంచుతాం, గీత దాటితే అలారం మోగుతుంది. సర్వర్ చచ్చిపోతే రీస్టార్ట్ చేస్తాం.

నిద్ర రాకుండా ఉండటానికి చదువుతూ కూర్చున్నాను. ఊపిరి గురించి మనిషికి తెలిసినదాంట్లో ఎంత ఈ జంతువు పుణ్యమో! 1782-83 చలికాలంలో పారిస్‌లో లావోజియె, లాప్లాస్ కలిసి ఒక గినీ పిగ్‌ని చుట్టూ మంచు పేర్చిన పాత్రలో కూర్చోబెట్టారు. దాని ఒంటి వేడికి ఎంత మంచు కరిగిందో కొలిచారు. అది వదిలిన గాలిని కొలిచారు. ఊపిరి తీసుకోవడమంటే ఒంట్లో నెమ్మదిగా జరిగే మంట లాంటిదేనని తేల్చారు. వందేళ్ల తర్వాత 1882లో రాబర్ట్ కోచ్ క్షయ రోగానికి కారణమయ్యే బ్యాక్టీరియాని పట్టుకున్నప్పుడూ గినీ పిగ్‌లకే దాన్ని ఎక్కించి రుజువు చేశాడు. మన ఊపిరి సంగతి తెలుసుకోవడానికి ఇన్ని గినీ పిగ్‌ల ఊపిరి ఖర్చయింది. దీని ఊపిరి బాలేకపోతే చూసే డాక్టర్ కోసం మాత్రం కోటి మంది ఉన్న సిటీలో తొమ్మిది ఫోన్లు చేయాలి. అర్ధరాత్రి రెండింటికి ఇది నాకు చాలా అన్యాయంగా అనిపించింది. పగలు ఆలోచించినా అలాగే అనిపిస్తోంది.

మూడింటికి 140. నాలుగింటికి 136. అయిదున్నరకి 132. సిరంజి పట్టుకెళ్తే మొహం తిప్పలేదు. నాలుగు ఎంఎల్ మింగింది. కింద ముగ్గులు వేస్తున్న వాచ్‌మన్ భార్య గొంతు వినిపించేదాకా అలాగే కూర్చున్నాను.

సంక్రాంతి రోజు అంకెలు పెద్దగా మారలేదు. దిగజారలేదు, అదే పండగ. కొత్తిమీర కాడ ఒకటి తనంతట తాను అందుకుని, సగం నమిలి, అలిసిపోయి వదిలేసింది.

కనుమ రోజు మధ్యాహ్నం కాలింగ్ బెల్ మోగింది. తలుపు తీస్తే అమ్మా నాన్న. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. అమ్మ ఆ మాటే అంటూ లోపలికొచ్చింది. "కనుమ నాడు గడప దాటిచ్చిండు మీ నాన్న. ఎప్పుడన్నా విన్నామా?" ఆమె చేతిలో అరిసెల డబ్బా. నాన్న భుజం మీద గోనె సంచి. సంచి నిండా గరిక.

"మన గట్టు మీదిదే. మందు కొట్టని వైపు కోసిన" అన్నాడు నాన్న.

గరిక అంటే వినాయక చవితికి కొనే గడ్డిగానే తెలుసు నాకు. బయటి దేశాల నుంచి వచ్చే టిమోతి గడ్డి కిలో వందల్లో ఉంటుంది. ఆ ఖరీదు గడ్డి వైపు నాలుగు రోజులుగా కన్నెత్తి చూడని పుట్నాలు, నాన్న విదిలించి పెట్టిన గరిక పోచ దగ్గరికి వచ్చి ముక్కు ఆడించింది. ఒక పోచ చివర పట్టుకుంది. మెల్లగా, ప్రింటర్‌లోకి కాగితం వెళ్లినట్టు, పోచ లోపలికి వెళ్లింది. ఇంకోటి. మూడోదానికి ఆగి ఊపిరి తీసుకుంది. నాన్న గొంతుక్కూర్చుని ఉన్నాడు. "తొందర లేదు. తిను" అన్నాడు దానితోనే.

అమ్మ మాత్రం దాన్ని ముట్టుకోనంది. కానీ రెండో రోజుకి పెంటికల లెక్క ఆమె చేతిలోకి వెళ్లింది. ఎన్ని తింటే అన్ని పెంటికలు, అదే పేగు ఆడుతోందనడానికి రుజువని చెప్పాను. పొద్దున లేచేసరికి చీపురు పట్టుకుని, "నిన్న నలభై, ఇయ్యాల తొంభై దాటినయ్, సైజు కూడా పెద్దగున్నయ్" అని కాఫీతో పాటు రిపోర్ట్ ఇచ్చేది. నా స్టాండప్ మీటింగ్‌లో ఎవరూ ఇంత స్పష్టంగా అప్‌డేట్ ఇవ్వరు.

ఆరో రోజుకి ఊపిరి 112. పదో రోజుకి 96. సిరంజి మేత తగ్గించుకుంటూ వచ్చాం. మూడు వారాల పాటు మందు ఆపకుండా వాడాం. మధ్యలో బాగున్నట్టు కనిపించినా ఆపొద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. రెండో ఎక్స్‌రేలో మబ్బు చాలావరకు పోయింది, కింద అంచున ఒక గీత మిగిలింది. అది ఉంటుందట. చలికాలంలో, దుమ్ము రేగినప్పుడు కాస్త గురక వినిపిస్తుంది. ఎండాకాలం ఇంకో భయం. 27, 28 డిగ్రీలు దాటితేనే వీటికి వేడి తట్టుకోవడం కష్టం, మన ఏప్రిల్ సంగతి చెప్పేదేముంది. ఈసారి కరెంటు బిల్లు వీళ్ల పేరు మీదే.

మొత్తం ఖర్చెంతయిందని చాలామంది అడిగారు. క్యాబ్‌లతో కలిపి 14,000 దాటింది. ఆ డబ్బుకి ఇలాంటివి ఇరవై వస్తాయని మా ఆఫీసులో ఒకతను లెక్క కట్టి చెప్పాడు. లెక్క కరెక్టే. అతని బైక్ సర్వీసింగ్‌కి ఎంతయిందో నేను అడగలేదు.

జాలీ తీసేసిన రోజు బెల్లం వచ్చి పుట్నాలు చెవి వాసన చూసింది. తర్వాత దాని నోట్లో ఉన్న గరిక పోచ లాక్కుని వెళ్లిపోయింది. పుట్నాలు వెనకే పరిగెత్తి, మధ్యలో గాల్లోకి ఓ ఎగురు ఎగిరింది, మూకుట్లో పేలం ఎగిరినట్టు. ఒక్కసారే. ఆ తర్వాత ఆయాసపడుతూ కూర్చుంది. డొక్క చూస్తూ లెక్కపెట్టాను. 92.

నెబులైజర్ ఫ్రిజ్ మీదే ఉంది. పదిహేను రోజులకోసారి ఊరి నుంచి వచ్చే బస్సులో గరిక సంచి వస్తుంది. డ్రైవర్‌కి అందులో ఏముందో నాన్న చెప్పలేదట. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి ఆయన ఫోన్. మొన్న కూడా అంతే. నేను ఎలా ఉన్నానని అడగలేదు.

"ఎన్ని గ్రాములు?"

"851 నాన్నా."

"ఊఁ. ఇంకోటి?"

"1,040."

"దానికి కొంచెం తగ్గించు బిడ్డా" అన్నాడు.